ఎల్లిస్ ఆర్. డంగన్: తమిళం రాకుండానే తమిళ సినిమాను మలిచిన అమెరికా దర్శకుడు (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఎమ్మెస్ సుబ్బులక్ష్మి నటించిన 'మీరా' చూసినవాళ్లు టైటిల్స్ దగ్గరే ఒక్క క్షణం ఆగిపోతారు. అన్నీ మనకు తెలిసిన తరహా పేర్లే కనిపిస్తాయి గానీ, దర్శకుడి దగ్గరకొచ్చేసరికి ఎల్లిస్ ఆర్. డంగన్ అని ఉంటుంది. ఎవరీయన, ఎక్కడివాడు, భాష రాకుండా ఎలా తీశాడు అని చాలామంది అడుగుతుంటారు. పాత మద్రాసు సినిమా అంటే ప్రాణం పెట్టే నాకు ఈయన మీద ప్రత్యేకమైన అభిమానం ఉంది. అందుకే ఆ ప్రశ్నలన్నిటికీ ఒకేచోట జవాబులు రాస్తున్నాను.

అసలు ఎవరీ డంగన్?

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో బార్టన్ అనే చిన్న ఊళ్లో 1909 మే 11న పుట్టారు. 1935లో మన దేశానికి వచ్చి, 1950 దాకా పదిహేనేళ్లు ఇక్కడే ఉండి, పదికి పైగా సినిమాలు తీశారు. ఒక్క హిందీ 'మీరా' తప్ప, పేరు తెచ్చిన సినిమాలన్నీ తమిళమే. 2001 డిసెంబర్ 1న వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు తొంభై రెండేళ్లు.

ఒహాయో కుర్రాడు మద్రాసుకు ఎలా వచ్చాడు?

స్నేహం తీసుకొచ్చింది. లాస్ ఏంజిలస్‌లోని యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో 1929లో సినిమా చదువు మొదలైంది. సినిమాను కాలేజీలో పాఠంగా చెప్పడం అప్పట్లో కొత్త సంగతి. ఫొటోగ్రఫీ పిచ్చితో డంగన్ అందులో చేరారు. అక్కడ ఆయన సహాధ్యాయి మాణిక్ లాల్ టాండన్ అనే భారతీయ యువకుడు. చదువయ్యాక టాండన్ ఇక్కడికి తిరిగొస్తూ, మా దేశంలో టాకీలు ఇప్పుడిప్పుడే మొదలవుతున్నాయి, నువ్వూ రా అని పిలిచాడు. మైఖేల్ ఓమలేవ్ అనే ఇంకో మిత్రుడితో కలిసి డంగన్ బయల్దేరారు.

టాండన్ అప్పుడు 'నందనార్' (1935) తీస్తున్నాడు. కె.బి. సుందరాంబాళ్ లక్ష రూపాయల పారితోషికం పుచ్చుకుందని దేశమంతా చెప్పుకున్న సినిమా అది. దక్షిణాది షూటింగ్ ఎలా ఉంటుందో డంగన్ మొదట చూసింది ఆ సెట్ల మీదే. ఆ తర్వాత టాండన్‌కు ఇంకో సినిమా బేరం వస్తే, నాకు కుదరదు, మా వాణ్ని పెట్టుకోండి అని డంగన్‌ను చూపించాడు. ఒక్క సిఫార్సు మాటతో ఓ మనిషి పదిహేనేళ్ల జీవితం ఖరారైపోయింది.

మొదటి సినిమా ఏది? ఎం.జి.ఆర్.ను పరిచయం చేసింది ఈయనేనా?

అవును. 1936లో విడుదలైన 'సతీ లీలావతి' డంగన్‌కు దర్శకుడిగా మొదటి సినిమా, ఎం.జి.ఆర్.కు నటుడిగా మొదటి సినిమా. ఎం.జి.ఆర్. వేసింది ఓ చిన్న పోలీసు ఇన్‌స్పెక్టర్ వేషం. ఆ పాత్ర పేరు రంగయ్య నాయుడు. తర్వాత తమిళనాడు ముఖ్యమంత్రి అయిన మనిషి తెరమీద మొదట కనిపించింది అచ్చమైన మన పేరుతో అన్నమాట. టి.ఎస్. బాలయ్య, ఎన్.ఎస్. కృష్ణన్ లాంటి మహానటులకు కూడా ఆరంభ దశ సినిమా ఇదే. హీరో ఎం.కె. రాధా.

కథ ఎస్.ఎస్. వాసన్‌ది. ఆనంద వికటన్ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. తాగుడుకు బానిసైన ఒక మద్రాసు ధనికుడు, స్నేహితుడి కుట్రకు చిక్కి, తాను హత్య చేశాననే భ్రమలో సిలోన్‌కు పారిపోయి తేయాకు తోటలో కూలి అవుతాడు. తెరమీద దేవుళ్లు, రాజుల కథలే ఎక్కువగా నడిచిన రోజుల్లో మద్యపానం, తోటకూలీల బతుకు సినిమాకెక్కడం పెద్ద విశేషం.

దీని చుట్టూ ఓ కోర్టు గొడవ కూడా నడిచింది. 'పతిభక్తి' అనే నాటకం ఆధారంగా అదే కాలంలో ఇంకో సినిమా వచ్చింది. కథ మాదంటే మాదని ఇరుపక్షాలూ కోర్టుకెక్కాయి. చివరికి వాసన్ బోనెక్కి, రెండు కథలకూ మూలం మిసెస్ హెన్రీ వుడ్ అనే ఆంగ్ల రచయిత్రి నవల 'డేన్స్‌బరీ హౌస్' అని చెప్పడంతో గొడవ సద్దుమణిగింది.

ఇంత చరిత్ర ఉన్న సినిమా ప్రింటు ఒక్కటి కూడా మిగల్లేదు. తలుచుకున్నప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది.

తమిళం ఒక్క ముక్క రాకుండా సినిమా ఎలా తీశారు?

అందరికంటే ఎక్కువ మంది అడిగేది ఇదే.

పని తీరు చెప్పుకుంటే సులువుగానే ఉంటుంది. స్క్రిప్టును ఇంగ్లీషులోకి అనువాదం చేయించుకునేవారు. ఒకపక్క తమిళ సంభాషణ, దానికెదురుగా ఇంగ్లీషు అర్థం. సెట్ మీద సహాయకులు, సంభాషణలు చూసుకునే మనుషులు ఉండేవారు. తనకు కావలసింది డంగన్ ఇంగ్లీషులో చెబితే వాళ్లు నటులకు తమిళంలో వివరించేవారు. ఉచ్చారణ, యాస, భావం సరిగ్గా ఉన్నాయో లేదో చూసే బాధ్యత వాళ్లది. ముఖం, నడక, వెలుగు, కెమెరా మాత్రం పూర్తిగా ఆయనవి.

నా మటుకు నాకు, ఆ లోటే ఆయన బలమైందనిపిస్తుంది. మాట అర్థమయ్యే దర్శకుడు మాట బాగా పలికితే షాటు ఓకే అంటాడు. డంగన్‌కు ఆ సౌకర్యం లేదు. నటి కళ్లలో దుఃఖం కనిపించకపోతే, ఎంత గొప్ప సంభాషణ పలికినా ఆయన దాకా ఏమీ చేరదు. కాబట్టి చెవులు మూసుకున్నా కథ తెలిసేలా తీయాల్సి వచ్చింది. అటు మాటలు రాసేవాళ్లకు కూడా పూర్తి స్వేచ్ఛ దొరికింది. ఇళంగోవన్, కల్కి, కరుణానిధి లాంటివాళ్లు ఆయన సినిమాల్లో అంతగా వెలిగారంటే ఇదీ ఒక కారణమే. మాటలు వాళ్లకు వదిలేసి, ఆయన బొమ్మను పట్టుకున్నారు.

ఇందులో నష్టమూ ఉంది. కొన్ని సన్నివేశాల్లో నటులు ఇంకా నాటకాల్లోలాగే సాగదీసి పలుకుతుంటే ఆపినవాళ్లు కనబడరు. భాష తెలిసిన చెవి ఉంటే అక్కడ ఇంకో టేకు అడిగేదే.

అప్పటి టాకీలు ఎలా ఉండేవి? ఈయన కొత్తగా ఏం చేశారు?

1930ల నడుమ మద్రాసు టాకీ అంటే చాలావరకు తెరమీద నాటకమే. తమిళమైనా తెలుగైనా అంతే. కెమెరాను ప్రేక్షకుడి కుర్చీ దగ్గర పెట్టినట్టు ఎదురుగా నిలబెట్టేవాళ్లు. నటులు వరసగా నించుని పద్యమో పాటో పాడి పక్కకు తప్పుకునేవాళ్లు. ఒక్కో సినిమాలో పాటలు పదులకొద్దీ ఉండేవి. శబ్దం లోపలికి రాని స్టూడియోలు తక్కువ, ఎండ వెలుతురే ఆధారం. టేకు మధ్యలో కాకి అరిస్తే అంతా మళ్లీ మొదటికే. కాకుల్ని తోలడానికే మనుషుల్ని పెట్టుకున్న రోజులవి.

అలాంటి చోటికి డంగన్ పుస్తకం చదివి, పాఠం నేర్చుకుని వచ్చారు. కెమెరాను కదిలించారు. మాట్లాడేవాడి ముఖం నుంచి వినేవాడి ముఖానికి కట్ చేయడం, పాట నడుస్తుండగా ఊరినీ చెట్టునీ చూపించడం, క్లోజప్‌ను భావం కోసం వాడటం, నాటకాల రంగుపూతలు తగ్గించిన మేకప్, ఔట్‌డోర్‌లో షూటింగ్ లాంటివన్నీ అలవాటు చేశారు. వీటిలో ప్రతిదీ ఆయనే మొట్టమొదట చేశారని నేను అనను. 'మొదటి' అనే మాటను పాత సినిమాల విషయంలో చాలా తేలిగ్గా వాడేస్తుంటారు. కానీ ఇన్నిటినీ ఒక పద్ధతిగా, సినిమా తర్వాత సినిమాలో చేసి చూపించినవారిలో ఆయన ముందువరసలో ఉంటారు. 1936లోనే వచ్చిన 'ఇరు సహోదరర్గళ్' కూడా ఆ దారిలోదే.

'అంబికాపతి' ఎందుకంత ప్రసిద్ధి?

1937 నాటి ఈ సినిమాలో హీరో ఎం.కె. త్యాగరాజ భాగవతార్. అప్పటి తమిళ జనానికి ఆయన గొంతే పండుగ. కంబ మహాకవి కొడుకు అంబికాపతి, చోళ రాజకుమారి అమరావతి ప్రేమకథ ఇది, విషాదాంతం. ప్రేమ సన్నివేశాలు ఎలా ఉండాలో చెప్పడానికి డంగన్ తన రచయితకు షేక్‌స్పియర్ 'రోమియో అండ్ జూలియట్' చూపించారు. ఆ రచయిత ఇళంగోవన్. సంస్కృత సమాసాల బరువు లేకుండా, అందమైన తమిళంలో ఆయన రాసిన మాటలతో తమిళ సినిమా సంభాషణ దారే మారిందంటారు. ఒహాయో దర్శకుడు, షేక్‌స్పియర్ మేడ సన్నివేశం, కంబుడి కొడుకు ఒకే సినిమాలో కలిశారు, అతుకు కూడా కనబడదు.

ఎమ్మెస్ సుబ్బులక్ష్మితో ఎన్ని సినిమాలు తీశారు?

రెండు కథలు. 1940లో 'శకుంతలై', 1945లో తమిళ 'మీరా', దాన్నే 1947లో హిందీలో. ఎమ్మెస్ మొత్తం జీవితంలో నటించిన కథలే నాలుగు: 'సేవాసదనం', 'శకుంతలై', 'సావిత్రి', 'మీరా'. అందులో సగం డంగన్ చేతుల మీదుగా వచ్చాయి.

'శకుంతలై'లో దుష్యంతుడు సంగీత విద్వాంసుడు జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యం. ఎమ్మెస్, జి.ఎన్.బి. కలిసి పాడితే సంగీతాభిమానికి ఇంకేం కావాలి! నిర్మాణం వెనక ఉన్నది ఎమ్మెస్ భర్త టి. సదాశివం.

'మీరా' షూటింగ్ గురించి చెబుతారా?

దీని గురించి ఎంత చెప్పినా తనివి తీరదు.

సినిమాకు ముందే డంగన్, ఛాయాగ్రాహకుడు జితేన్ బెనర్జీ కలిసి ఎమ్మెస్ తల, ముఖం నమూనాను ప్లాస్టర్‌తో చేయించారు. ఆ బొమ్మను ముందు పెట్టుకుని రకరకాల కోణాల్లో దీపాలు వేసి చూశారు. ఏ వైపు నుంచి వెలుగు పడితే కళ్లు లోతుగా కనిపిస్తాయి, తల కొంచెం ఎత్తితే చెంప మీద నీడ ఎక్కడ నిలుస్తుంది అని లెక్కలు రాసుకున్నారు. అప్పటికే కచేరీలతో తీరిక లేని ఎమ్మెస్‌ను దీపాల వేడిలో గంటలకొద్దీ నిలబెట్టకుండా, అసలు షూటింగ్ నాటికి అంతా సిద్ధం చేసుకున్నారు. 'మీరా'లో ఆ ముఖం అంత తేజస్సుతో కనిపించడం వెనక ఇంత సాధన ఉంది.

అప్పట్లో పౌరాణికమంటే స్టూడియోలో అట్టముక్కల కోటలు. సదాశివం, డంగన్ యూనిట్‌ను రాజస్థాన్‌కు తీసుకెళ్లారు. ఉదయపూర్‌లో, చిత్తోడ్‌లో, మీరా కథ నడిచిన చోట్లలోనే తీశారు. సంస్థానం నుంచి సాయం దొరికింది. యుద్ధం నడుస్తూ ఫిల్ము దొరకడమే గగనమైన రోజుల్లో ఇంత సాహసానికి దిగడం మాటలు కాదు.

సంగీతం ఎస్.వి. వెంకటరామన్. 'కాట్రినిలే వరుం గీతం' పాట కల్కి కృష్ణమూర్తి రాసింది. తమిళం రాని మా ఇంట్లో కూడా దాన్ని వినేవాళ్లు. చిన్నారి మీరా ఒక పాట మొదలుపెడితే, ఆ పాట సాగుతుండగానే బాలిక యువతి అవుతుంది, సదాశివం కూతురు రాధ స్థానంలోకి ఎమ్మెస్ వస్తుంది. ఏళ్లు గడిచాయని ఒక్క మాట కూడా చెప్పనక్కర్లేకపోయింది.

హిందీ 'మీరా' ఆరంభంలో సరోజినీ నాయుడు తెరమీదకు వచ్చి ఎమ్మెస్‌ను ఉత్తరాదికి పరిచయం చేశారు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన కవయిత్రి, మదురై గాయనిని, మేవాడ్ రాణి వేషంలో, ఢిల్లీ ప్రేక్షకులకు పరిచయం చేస్తే, ఆ సినిమా తీసింది ఒహాయో మనిషి. మీరా ఎమ్మెస్‌కు ఆఖరి సినిమా. ఆ తర్వాత ఆమె నటన జోలికి పోలేదు.

అందులో మన నాగయ్య ఉన్నారట కదా?

ఉన్నారు. తమిళ 'మీరా'లో మీరా భర్త మహారాణా పాత్ర చిత్తూరు వి. నాగయ్యదే. తెలుగువాళ్లు ఈ సినిమా చూడటానికి ఇదొక్కటి చాలు.

ఒక్కసారి ఆలోచించండి. 1940ల మొదట్లో నాగయ్య 'భక్త పోతన'. 1946లో 'త్యాగయ్య', 1947లో 'యోగి వేమన'. తెలుగువారికి భక్తి అంటే నాగయ్య ముఖమే అయిన కాలం. సరిగ్గా ఆ మధ్యలో, డంగన్ సినిమాలో ఆయన భక్తికి అటుపక్క నిలబడ్డారు. భార్య భక్తి ముందు ఏం చేయాలో తెలియని భర్త, పరువు కోసం తపించే రాజు. నిధి వద్దు రాముడే చాలన్నట్టు పాడిన మనిషి, అలా పాడే భార్యను చూసి నలిగిపోతుంటాడు. ఆ ముఖంలో కోపం కన్నా అయోమయం ఎక్కువ. విలన్‌లా చేయడానికి బోలెడంత చోటున్న పాత్రను జాలి పుట్టేలా చేశారు.

యుద్ధకాలంలో ఏం చేశారు?

మద్రాసు ప్రభుత్వానికి ఫొటోగ్రాఫర్‌గా, న్యూస్‌రీళ్లు, డాక్యుమెంటరీలు తీసేవారిగా పనిచేశారు. ఆ అనుభవం ఆయన తర్వాతి జీవితానికి బాగా అక్కరకొచ్చింది.

ఆయన సినిమాలన్నీ ఆడాయా?

లేదు. నాదస్వర చక్రవర్తి టి.ఎన్. రాజరత్నం పిళ్లైను కవి కాళమేఘంగా పెట్టి తీసిన 'కాళమేగం' (1940) నిలబడలేదు. నాదస్వరం విని చెవులు కోసుకునే జనం, అదే మనిషి తెరమీద నటిస్తే కదల్లేదు.

'పొన్ముడి' మీద గొడవ ఏమిటి?

1950లో సేలం మోడరన్ థియేటర్స్ కోసం తీశారు. మూలం భారతీదాసన్ కావ్యం. హీరో నరసింహభారతి, హీరోయిన్ మాధురీదేవి. ప్రేమికులు దగ్గరగా మసలే సన్నివేశాలు చూసి అప్పటి విమర్శకులు మండిపడ్డారు. అమెరికావాడు వచ్చి తమిళ సంస్కృతిని పాడుచేస్తున్నాడన్నారు. ఈ నింద నాకు న్యాయంగా తోచదు. ఆ కావ్యం రాసింది తమిళులు నెత్తిన పెట్టుకున్న కవి, డబ్బు పెట్టింది తమిళ నిర్మాత. కాగితం మీద ఒప్పుకున్న శృంగారం తెరకెక్కేసరికి పరాయిదైపోయింది, తిట్లు తినడానికి తెల్లవాడు ఎదురుగా దొరికాడు.

'మంత్రికుమారి' సంగతేమిటి?

అదే 1950లో, అదే మోడరన్ థియేటర్స్‌లో, అదే టి.ఆర్. సుందరం నిర్మాతగా వచ్చింది. ప్రాచీన తమిళ కావ్యం కుండలకేశి ఆధారంగా కథ, మాటలు ఎం. కరుణానిధి. హీరో ఎం.జి.ఆర్. ఇద్దరు కాబోయే ముఖ్యమంత్రులు ఒకే సినిమాకు పనిచేస్తుంటే, వాళ్లకు దర్శకుడు తమిళం రాని అమెరికన్. పధ్నాలుగేళ్ల క్రితం ఇన్‌స్పెక్టర్ వేషమిచ్చిన కుర్రాణ్ని డంగన్ ఇప్పుడు సేనాపతిగా నడిపించారు.

'వారాయ్ నీ వారాయ్' పాట ఇందులోదే. తిరుచ్చి లోకనాథన్‌తో కలిసి పాడింది మన జిక్కి, అంటే పి.జి. కృష్ణవేణి. పాట వినడానికి వెన్నెల విహారంలా ఉంటుంది. కానీ భర్త ఆమెను కొండ అంచుకు తీసుకెళ్తున్నది తోసేయడానికి. విషయం తెలిసిన భార్య, చివరిసారిగా మీ చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేస్తానంటుంది. మూడోది పూర్తవుతూనే అతన్నే లోయలోకి తోసేస్తుంది. మాధురీదేవి, ఎస్.ఎ. నటరాజన్ నటన చూసి తీరాలి.

సినిమా పూర్తి కాకముందే డంగన్ అమెరికాకు వెళ్లిపోవడంతో మిగిలింది సుందరం తీశారు. అందుకే టైటిల్స్‌లో దర్శకులుగా ఇద్దరి పేర్లూ ఉంటాయి.

మరి తెలుగుకీ ఆయనకీ సంబంధమేమిటి?

నాగయ్య, జిక్కి గురించి చెప్పాను. అంతకు మించి, ఆ రోజుల్లో మద్రాసు రెండు భాషల సినిమాకూ ఒకే ఇల్లు. అవే స్టూడియోలు, అవే లైట్లు, చాలాసార్లు వాళ్లే టెక్నీషియన్లు. మోడరన్ థియేటర్స్ తెలుగులోనూ సినిమాలు తీసింది. పక్క ఫ్లోర్‌లో ఒకరు ట్రాలీ వాడితే ఇవతలి ఫ్లోర్‌కు తెలియకుండా ఉండదు. డంగన్ వల్ల మనకు ఫలానాది వచ్చిందని కొలిచి చెప్పడం కష్టం గానీ, ఆయన్ని పూర్తిగా పొరుగువాడిగా చూడటం కూడా నాకు ఇష్టముండదు.

అమెరికా వెళ్లాక హాలీవుడ్‌లో పెద్ద దర్శకుడయ్యారా?

కాలేదు. 1952లో వచ్చిన 'ది జంగిల్' సినిమా మోడరన్ థియేటర్స్, హాలీవుడ్ కలిసి ఇక్కడి అడవుల్లో తీసింది. ఏనుగులకు బొచ్చు తొడిగి పురాతన మామత్‌లుగా చూపించారు. దర్శకుడు విలియం బెర్క్, నిర్మాణ వర్గంలో డంగన్ ఉన్నారు. తర్వాత ఆయన వీలింగ్‌లో స్థిరపడి సొంత సంస్థ పెట్టుకుని, వెస్ట్ వర్జీనియా మీద డాక్యుమెంటరీలు తీస్తూ గడిపారు. అక్కడి ఇరుగుపొరుగుకు ఆయన డాక్యుమెంటరీలు తీసే పెద్దాయన.

1990లలో ఒకసారి చెన్నై వచ్చారు. సినిమావాళ్లు ఘనంగా సన్మానించారు. నలభై ఏళ్లకు పైగా గడిచిపోయాయి. 1987లోనే ఎం.జి.ఆర్. వెళ్లిపోయారు. 'ఎ గైడ్ టు అడ్వెంచర్' పేరుతో ఆత్మకథ చెప్పుకున్నారు, అది ఆయన పోయిన ఏడాదే, 2001లో వచ్చింది.

ఆయన మీద ఏదైనా సినిమా ఉందా?

ఉంది. కరణ్ బాలి 2013లో 'యాన్ అమెరికన్ ఇన్ మద్రాస్' అనే డాక్యుమెంటరీ తీశారు. డంగన్ గురించి తెలుసుకోవాలంటే అంతకంటే మంచి దారి లేదు.

నేను ఒక్కటీ చూడలేదు. దేనితో మొదలుపెట్టాలి?

'మంత్రికుమారి'తో. కథ పరుగెడుతుంది, తమిళం పెద్దగా రాకపోయినా ఇబ్బంది ఉండదు. తర్వాత 'మీరా'. సబ్‌టైటిల్స్ లేవని వెనకాడకండి. తీసినాయనకీ ఆ మాటలు తెలియవు. ఒక పాట వచ్చినప్పుడు మాత్రం కాసేపు ధ్వని పూర్తిగా తగ్గించి, వెలుగు ఎమ్మెస్ నుదుటి మీద నుంచి కళ్ల మీదకు ఎలా దిగుతుందో చూడండి. ఆ ప్లాస్టర్ బొమ్మ ముందు కూర్చుని ఇద్దరు మనుషులు దీపాలు జరుపుకుంటూ వెతికింది దాన్నే. చూశాక ధ్వని పెంచి, పాట మళ్లీ మొదటినుంచి పెట్టుకోండి.